ముందు ఏది కదిలింది?

ప్రశ్న: సార్, నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఎంకాం చేశాను. పాప బడికి పోతోంది, ఇప్పటికైనా సొంతంగా ఏదో ఒకటి చేద్దామని మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ పరీక్షకు, అదే ఎన్‌ఐఎస్‌ఎం సిరీస్ ఫైవ్-ఏకు చదువుతున్నాను. మిగతా అధ్యాయాలు ఫరవాలేదు. రిస్కుల దగ్గరికొచ్చేసరికి తికమక పడుతున్నాను. నిర్వచనాలన్నీ అప్పజెప్పగలను. మాక్ టెస్టులో మాత్రం ఇది వడ్డీ రేటు రిస్కా, క్రెడిట్ రిస్కా, లిక్విడిటీ రిస్కా తేల్చుకోలేక తప్పు పెడుతున్నాను. ఇంకో సంగతి. మా మామగారు దేవస్థానంలో పనిచేసి రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో 12 లక్షలు బ్యాంకులో డిపాజిట్ వేసి ఉన్నారు. 'నువ్వు పాసవ్వమ్మా, ఆ డబ్బు నీ చేతుల్లోనే పెడతా' అంటున్నారు. నాకేమో చదివేకొద్దీ భయమేస్తోంది. అన్నిట్లోనూ రిస్క్ ఉందంటే ఆయనకేం చెప్పేది? పరీక్ష ఇంకో మూడు వారాల్లో ఉంది. వాయిదా వేసుకోనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు తికమక సంగతి చూద్దాం. భయం సంగతి దాని వెనకే వస్తుంది.

నిర్వచనాలు అప్పజెప్పగలను అన్నారు కదా, చిక్కు అక్కడే ఉంది. పుస్తకంలో ఏ రిస్క్ నిర్వచనం తీసుకున్నా చివరికి వచ్చి ఆగేది ఒకే చోట: పెట్టుబడి విలువ తగ్గవచ్చు. ఒక ఫండ్ ఎన్‌ఏవీ, అంటే ఒక యూనిట్ విలువ, నిన్న 24 రూపాయలు, ఇవాళ 23 రూపాయల 40 పైసలు అనుకోండి. ఆ అంకె చూసి అది ఏ రిస్కో ఎంత అనుభవమున్నవాడూ చెప్పలేడు. ఎందుకంటే ఆ పేర్లు నష్టానికి పెట్టినవి కావు, నష్టానికి కారణమైనదానికి పెట్టినవి. కాబట్టి మాక్ టెస్టులో ప్రశ్న చదవగానే ఎంత పడింది, ఎవరికి పోయింది అనే వైపు వెళ్లకండి. ఈ కథలో ముందు ఏది కదిలింది అని వెతకండి. వడ్డీ రేటు కదిలిందా? అప్పు తీసుకున్న కంపెనీ తడబడిందా? కొనేవాళ్లు కరువయ్యారా? మార్కెట్ మొత్తం జారిందా? సరుకుల ధరలు పెరిగాయా? ఆ మొదటి కదలిక దొరికితే నాలుగు ఆప్షన్లలో మూడు వాటంతటవే రాలిపోతాయి.

వడ్డీ రేటుతో మొదలుపెడదాం, ఎక్కువమంది జారేది ఇక్కడే. 2022 మే 4న రిజర్వ్ బ్యాంకు ఎవరూ ఎదురుచూడని రోజున రెపో రేటును, అంటే బ్యాంకులకు తాను అప్పిచ్చే రేటును, 4 శాతం నుంచి 4.40కి పెంచింది. అక్కడి నుంచి పెంచుకుంటూ 2023 ఫిబ్రవరికి 6.50కి తెచ్చింది. ఆ రోజుల్లో బాండ్ ఫండ్లలో డబ్బు పెట్టినవాళ్లు ఎన్‌ఏవీ చూసి కంగారుపడ్డారు. ఫండ్లలోని కంపెనీలు ఎగ్గొట్టాయా? లేదు. కేంద్ర ప్రభుత్వ బాండ్లు కూడా పడ్డాయి, ప్రభుత్వం వడ్డీ ఒక్కరోజు కూడా ఆపలేదు. మరెందుకు పడ్డాయి?

లెక్క వేసి చూడండి, చదివితే తలకెక్కదు. మీ దగ్గర 100 రూపాయల బాండు ఉంది. పదేళ్ల గడువు, ఏడాదికోసారి 7 రూపాయల వడ్డీ. రేపు అదే ప్రభుత్వం అదే గడువుకు 8 రూపాయలిచ్చే కొత్త బాండు తెచ్చింది. ఇక మీ ఏడు రూపాయల బాండును 100 పెట్టి ఎవరు కొంటారు? ధర తగ్గించి అమ్మాల్సిందే. పదేళ్లలో రావాల్సిన వడ్డీలనూ చివర్లో వచ్చే అసలునూ 8 శాతం లెక్కన ఈ రోజు విలువకు తెస్తే దాని ధర 93 రూపాయల 29 పైసలు. అదే ఏడు రూపాయల బాండుకు ఇంకో ఏడాదే గడువు ఉంటే ధర 99 రూపాయల 7 పైసలు. రేటు పెరిగింది రెంటికీ ఒకటే, దెబ్బ మాత్రం ఒకదానికి ఆరున్నర రూపాయలు దాటింది, ఇంకోదానికి ఒక రూపాయి కూడా లేదు. డ్యూరేషన్ అని పుస్తకం చెప్పేది ఈ తేడానే. రేటు తగ్గితే ఇదంతా తిరగబడుతుంది. 6 శాతానికి దిగితే మీ పదేళ్ల బాండు 107 రూపాయల 36 పైసలు పలుకుతుంది. ఈ మూడు లెక్కలూ మీ చేత్తో ఒకసారి కాగితం మీద వేయండి, కాలిక్యులేటర్ వాడినా ఫరవాలేదు. ఆ తర్వాత ఈ ప్రశ్నల్లో మిమ్మల్ని ఎవరూ పడేయలేరు.

పరీక్షలో తరచుగా వేసే వల కూడా ఇక్కడే ఉంది. గిల్ట్ ఫండ్‌లో రిస్క్ లేదు, ఎందుకంటే అందులో ప్రభుత్వ బాండ్లు ఉంటాయి, అంటాడు ఒక ఇన్వెస్టర్. ఇది సరైనదా అని అడుగుతారు. అసలు ఎగ్గొట్టే భయం దాదాపు లేదు, అక్కడివరకు నిజం. కానీ దీర్ఘకాలం బాండ్లు పట్టుకున్న గిల్ట్ ఫండ్‌కు వడ్డీ రేటు రిస్క్ అందరికంటే ఎక్కువ. ఒక రిస్క్ లేనంత మాత్రాన ఇంకోటి లేకుండా పోదు.

క్రెడిట్ రిస్క్ గురించి మన ఊళ్లలో వేరే చెప్పనక్కర్లేదు. నూటికి మూడు రూపాయల వడ్డీ ఇస్తానని అప్పడిగేవాడి దగ్గర అసలు తిరిగొస్తుందో రాదో అని మన అమ్మమ్మలు కూడా ఆలోచించేవాళ్లు. వడ్డీ ఎందుకంత ఎక్కువ అంటే ఆ అనుమానానికి కట్టిన ఖరీదు అది. కంపెనీల విషయంలో ఆ అనుమానాన్ని కొలిచి చెప్పేవి రేటింగ్ సంస్థలు. అయితే రేటింగ్‌ను దేవుడి వాక్కు అనుకోకూడదని 2018లో తేలింది. ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ కంపెనీకి ఆ ఏడాది ఆగస్టు దాకా ఏఏఏ, అంటే అన్నిటికంటే పైమెట్టు. సెప్టెంబరులో కట్టాల్సిన అప్పులు కట్టలేక అట్టడుగు మెట్టు 'డి'కి పడిపోయింది. ఆ కంపెనీ అప్పు కాగితాలు పట్టుకున్న ఫండ్ల ఎన్‌ఏవీలు ఒక్కసారిగా దిగిపోయాయి. ఈ దెబ్బ వడ్డీ రేట్ల వల్ల కాదు, మార్కెట్ వల్లా కాదు. ముందు కదిలింది అప్పు తీసుకున్నవాడి పరిస్థితి. ఇక్కడ పుస్తకం చెప్పే ఇంకో చిన్న సంగతి గుర్తుంచుకోండి. పూర్తిగా ఎగ్గొట్టడం మాత్రమే క్రెడిట్ రిస్క్ కాదు. రేటింగ్ ఒక మెట్టు దిగినా ఆ బాండు ధర తగ్గుతుంది, అదీ క్రెడిట్ రిస్కే.

లిక్విడిటీకి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ 2020 ఏప్రిల్ 23. కోవిడ్ లాక్‌డౌన్ నడుస్తోంది. ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఫండ్ల నుంచి డబ్బు వెనక్కి తీసుకునేవాళ్లు క్యూ కట్టారు. ఫండ్ చేతిలో ఉన్నవి రేటింగ్ తక్కువ ఉన్న కాగితాలు, వాటిని ఆ సమయంలో ఏ ధరకూ కొనేవాడు లేడు. ఆ కంపెనీ ఆరు డెట్ పథకాలను, అంటే బాండ్లలాంటి అప్పు కాగితాల్లో పెట్టే ఫండ్లను, ఆ రోజు మూసేసింది. పాతిక వేల కోట్ల రూపాయలకు పైగా చిక్కుకుంది. గమ్మత్తు ఏమిటంటే తర్వాత కోర్టు ఆదేశాలతో ఎస్‌బీఐ ఫండ్స్ మేనేజ్‌మెంట్ ఆ కాగితాలను నెమ్మదిగా అమ్మి విడతలుగా పంచింది, ఆరు పథకాలూ కలిపి చూస్తే మూసిన రోజు ఉన్న విలువకు మించే తిరిగొచ్చింది. అంటే డబ్బు పోలేదు. కానీ 2020 మేలో ఆసుపత్రి బిల్లు కట్టాల్సినవాడికి, కూతురి పెళ్లి పెట్టుకున్నవాడికి అది లేనట్టే. అవసరమైన రోజున, న్యాయమైన ధరకు చేతికి రాకపోవడమే లిక్విడిటీ రిస్క్. నష్టం రాకపోయినా ఆ రిస్క్ నిజమే.

ఈ ఉదాహరణలో రేటింగ్ తక్కువ కాగితాలు కూడా ఉన్నాయి కదా, మరి క్రెడిట్ రిస్క్ అనకూడదా అని మీకు అనుమానం రావాలి. రాకపోతే మళ్లీ చదవండి. నిజ జీవితంలో ఈ రెండూ జంటగానే తిరుగుతాయి. పరీక్షలో మాత్రం ప్రశ్న ఒక్కదాన్నే వేలుపెట్టి చూపిస్తుంది. 'కంపెనీ వడ్డీ చెల్లించలేకపోయింది' అని ఉంటే క్రెడిట్. 'అమ్మకానికి పెడితే కొనుగోలుదారులు దొరకలేదు' అని ఉంటే లిక్విడిటీ. వాక్యంలో క్రియ ఏమిటో చూడండి, జవాబు ఆ పక్కనే ఉంటుంది.

రిస్క్‌లను కారణాల వారీగా విడదీయాలన్న ఆలోచన నా సొంతమేం కాదు, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దాన్ని డబ్బాల రూపంలో గీసి పెట్టింది. 2021 డిసెంబరు నుంచి ప్రతి డెట్ ఫండ్‌కూ తొమ్మిది గళ్ల పట్టిక ఒకటి ఉండాలి, పొటెన్షియల్ రిస్క్ క్లాస్ అని పేరు. ఒక వైపు వడ్డీ రేటు రిస్క్ ఒకటి, రెండు, మూడు. ఇంకో వైపు క్రెడిట్ రిస్క్ ఏ, బి, సి. ఏ-1 గడిలో ఉన్న ఫండ్‌కు రెండూ తక్కువ, సి-3లో ఉన్నదానికి రెండూ ఎక్కువ కావచ్చు. గిల్ట్ ఫండ్ ఎక్కడుంటుందో మీరే చెప్పండి. ఏ-3. అంటే ఎగ్గొట్టే భయం తక్కువ, రేటు దెబ్బ ఎక్కువ. పైన అంత చెప్పింది ఈ ఒక్క గడిలో ఉంది.

రిస్కోమీటర్‌తో దీన్ని కలపకండి, మాక్ టెస్టులు కలిపి అడుగుతాయి. రిస్కోమీటర్ ముల్లు నెలనెలా ఫండ్ చేతిలో ఆ నెల ఉన్న కాగితాలను బట్టి కదులుతుంది. 2021 జనవరి నుంచి దానికి ఆరు మెట్లు, 'తక్కువ' నుంచి 'చాలా ఎక్కువ' వరకు. తొమ్మిది గళ్ల పట్టిక మాత్రం ఈ ఫండ్ ఎంతవరకు పోవచ్చో గీసిన గీత. ఈ రోజు ఎక్కడున్నారో మొదటిది చెబుతుంది, ఎంత దూరం పోయే అనుమతి ఉందో రెండోది చెబుతుంది.

ఇక షేర్ల వైపు వద్దాం. సిస్టమాటిక్, అన్‌సిస్టమాటిక్ అన్న మాటలు చూసి బెదిరినవాళ్లు చిత్తూరు మామిడి రైతును అడిగితే సరిపోతుంది. పలమనేరు పక్క ఏనుగులు దిగి ఒకరి తోట తొక్కేశాయి, లేదా తేనెమంచు పురుగు పట్టి ఒకరి పూత మాడిపోయింది. ఆ నష్టం ఆ ఒక్కడిది. పక్క ఊరి రైతు కాయ బాగానే అమ్ముకుంటాడు. నాలుగు ఊళ్లలో నాలుగు చిన్న తోటలున్నవాడికి ఈ దెబ్బ పెద్దగా తెలియదు. ఇది అన్‌సిస్టమాటిక్. 2025 సంగతి వేరు. తోతాపురి విరగకాసింది, గుజ్జు ఫ్యాక్టరీల్లో పాత నిల్వలే ఉన్నాయి. కొనేవాళ్లు వెనకాడితే జిల్లాలో ఎవరి కాయకూ ధర లేకపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలి, మేం 4 రూపాయలు కలుపుతాం అని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. అప్పుడు నాలుగు తోటలున్నా పది తోటలున్నా లాభం లేదు, అన్నీ తోతాపురే కదా. ఇది సిస్టమాటిక్. ఆ ఏడాది ఇల్లు గడిచింది దొడ్లో ఆవులున్నవాళ్లకు, పదిహేను రోజులకోసారి పాల బిల్లు వచ్చినవాళ్లకు. డబ్బును పలు చోట్ల పంచి పెట్టడంలో, అంటే డైవర్సిఫికేషన్‌లో, జనం ఎక్కువగా తప్పు చేసేదీ ఇక్కడే. ఆరు ఫండ్లు కొని అన్నీ లార్జ్‌క్యాప్ ఫండ్లే, అంటే పెద్ద కంపెనీల షేర్లు కొనేవే, అయితే మీరు ఆరు తోతాపురి తోటలు కొన్నారన్నమాట.

బీటా కొలిచేది ఈ రెండో రకాన్నే, మార్కెట్‌తోపాటు వచ్చే కదలికను. బీటా 1.3 అంటే మార్కెట్ 10 శాతం పెరిగితే ఈ ఫండ్ సుమారు 13 పెరగొచ్చు, 10 పడితే 13 పడొచ్చు. స్టాండర్డ్ డీవియేషన్ రెండు రకాల కదలికలనూ కలిపి కొలుస్తుంది. రిస్క్ లేని రాబడికి మించి వచ్చినదాన్ని రిస్క్‌తో భాగించి చూసే లెక్కలు రెండున్నాయి. షార్ప్ రేషియోలో కింద ఉండేది స్టాండర్డ్ డీవియేషన్, ట్రేనర్ రేషియోలో కింద ఉండేది బీటా. ఈ జంటను కంఠస్థం చేసేయండి, ఇక్కడ అర్థం చేసుకోవడానికి ఇంకేం లేదు.

స్టాండర్డ్ డీవియేషన్‌ను మాత్రం అంత తేలిగ్గా వదలకండి. రెండు ఫండ్లు, మూడేళ్లు. మొదటిదాని రాబడి 10, 12, 14 శాతం. రెండోది మొదటి ఏడాది 10 శాతం నష్టం, తర్వాత 12, ఆ తర్వాత 34 శాతం లాభం. కూడి మూడుతో భాగిస్తే రెంటికీ సగటు 12. కరపత్రంలో రెండూ ఒకటే. కానీ లక్ష రూపాయలు పెట్టిన మనిషి చేతికి మూడేళ్ల తర్వాత మొదటిదాంట్లో 1,40,448 వస్తే, రెండోదాంట్లో 1,35,072 వస్తుంది. అయిదు వేల పైచిలుకు ఎక్కడికి పోయింది? ఎగుడుదిగుడే తినేసింది. మొదటిదాని స్టాండర్డ్ డీవియేషన్ 2, రెండోదానిది 22. రిస్క్ లేని రాబడి 6 శాతం అనుకుంటే షార్ప్ రేషియో మొదటిదానికి 3, రెండోదానికి 0.27. ఒడిదుడుకులంటే కేవలం గుండె దడ కాదు, జేబుకూ తగులుతాయని ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది. సగం పోయిన పెట్టుబడి మొదటికి రావాలంటే 50 శాతం పెరిగితే చాలదు, రెట్టింపు కావాలి. దీన్ని కూడా ఏదో ఒక రూపంలో అడుగుతారు.

ఇప్పుడు మామగారి 12 లక్షలు. నిజానికి మీ ఉత్తరంలో నాకు ముఖ్యమనిపించింది ఇదే.

అన్నిట్లోనూ రిస్క్ ఉంటే ఏం చెప్పేది అన్నారు. ముందు, ఆ డబ్బు ఇప్పుడున్న చోట ఏ రిస్కులున్నాయో చెప్పండి. ఆయన వాటిని రిస్కులనుకోవడం లేదు కాబట్టి చెప్పాలి. ఒకటి, డిపాజిట్ ఇన్సూరెన్స్ ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకే. 2020 ఫిబ్రవరి 4 దాకా అది లక్షే ఉండేది. 12 లక్షలూ ఆయన పేరుతోనే ఒకే బ్యాంకులో ఉంటే 7 లక్షలకు పైగా ఆ గొడుగు బయట ఉన్నట్టు. పెద్ద బ్యాంకు అయితే భయపడాల్సిన పని లేదు కానీ చిన్న సహకార బ్యాంకు అయితే ఈ మాట పట్టించుకోవాలి. రెండు, గడువు తీరాక మళ్లీ ఎంత రేటుకు వేయాల్సి వస్తుందో తెలియదు. 2013, 2014లో డిపాజిట్ల మీద 9 శాతం దరిదాపుల్లో వచ్చింది. అయిదారేళ్లు గడిచి 2020లో రెన్యువల్‌కు పోయినవాళ్లకు అయిదున్నర దగ్గర ఆగిపోయింది. వడ్డీతో ఇల్లు నడుపుకునే పెద్దాయనకు నెల ఆదాయంలో మూడో వంతుకు పైగా కోత అది. దీన్నే రీఇన్వెస్ట్‌మెంట్ రిస్క్ అంటారు, పరీక్షలోనూ వస్తుంది. మూడోది ధరలు. ఏడాదికి 6 శాతం చొప్పున ధరలు పెరిగితే 12 ఏళ్లలో రూపాయి విలువ సగమవుతుంది. అసలు అలాగే ఉంటుంది, అది కొనగలిగేది మాత్రం సగమే.

ఇవి చెప్పి, చూశారా, అందుకే ఫండ్లలో పెట్టండి అని మాత్రం అనకండి. చాలామంది ఏజెంట్లు ఇక్కడే దారి తప్పుతారు. ఇన్‌ఫ్లేషన్ రిస్క్‌ను చూపించి భయపెట్టి, మార్కెట్ రిస్క్‌ను నోట్లోనే నమిలేస్తారు. దాన్నీ రూపాయల్లో చెప్పండి. 2008 జనవరిలో సెన్సెక్స్ 21 వేలు తాకింది, 2009 మార్చికి 8 వేల దగ్గరికి వచ్చింది. ఆ లెక్కన 12 లక్షలు 5 లక్షల లోపు. ఆ 21 వేలను 2010 నవంబరులో మళ్లీ తాకినా, దిటవుగా దాటింది 2014లో. అదే 2020లో జనవరిలో 42 వేల దగ్గర ఉన్నది మార్చి 23న 25,981కి పడింది. ఆ ఒక్క రోజే 13 శాతం దిగింది. అయితే నవంబరుకల్లా మళ్లీ పైకొచ్చేసింది. ఒకసారి ఆరేళ్లు, ఒకసారి పది నెలలు. ఈసారి ఎంత కాలమో ముందుగా చెప్పేవాడు లేడు, చెబుతానన్నవాడిని నమ్మొద్దు.

కాబట్టి మామగారిని 'రిస్క్ తీసుకుంటారా' అని అడగొద్దు. ఆ ప్రశ్నకు మగవాళ్లు, అందులోనూ కోడలి ముందు, నిజం చెప్పరు. ఇలా అడగండి: 'మామా, మీ 12 లక్షలు రెండు నెలల్లో 7 లక్షల 40 వేలుగా కనిపిస్తే ఆ రాత్రి ఏం చేస్తారు?' ఆయన చెప్పే జవాబు రిస్క్ భరించే మనసు. ఆయన పెన్షన్ ఎంత, ఆరోగ్యం ఎలా ఉంది, ఇల్లు సొంతమా, ఎవరి పెళ్లి బాకీ ఉంది అనేవి రిస్క్ భరించే స్తోమత. మనసు ఒకటి చెబుతుంది, స్తోమత ఇంకోటి చెబుతుంది. రెంట్లో ఏది తక్కువైతే దాన్నే పట్టుకోవాలి. పరీక్షలో కేస్ ఇచ్చి అడిగినా ఇదే పద్ధతి, 68 ఏళ్ల ఆయన ఎంత ధైర్యంగా మాట్లాడినా డబ్బు ఏడాదిలో కావాలంటే ఈక్విటీ ఫండ్ జవాబు కాదు.

నెలనెలా పెన్షన్ వస్తుంటే కథ ఒకలా ఉంటుంది, ఈ 12 లక్షల వడ్డీయే బతుకుతెరువైతే ఇంకోలా. రెండోది అయితే పోస్టాఫీసులో సీనియర్ సిటిజెన్స్ సేవింగ్స్ స్కీమ్ గురించి మీరే ముందు చెప్పాలి. 2023 ఏప్రిల్‌లో దాని పరిమితిని 30 లక్షలకు పెంచారు, వడ్డీ 8.2 శాతం చేశారు. చేరేనాటి రేటు అయిదేళ్లూ మారదు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. దానిమీద మీకు పైసా రాదు. అయినా చెప్పాలి, ముఖ్యంగా అందుకే చెప్పాలి. ఫండ్‌లో పెట్టిస్తే మీకు ట్రెయిల్ కమీషన్ వస్తుంది. 2018 అక్టోబరు నుంచి ముందే ఒకేసారి ఇచ్చే కమీషన్‌ను సెబీ ఆపేసింది కాబట్టి డబ్బు ఉన్నంత కాలం కొద్దికొద్దిగా వస్తుంది. అదే ఫండ్ డిస్ట్రిబ్యూటర్ లేకుండా నేరుగా, డైరెక్ట్ ప్లాన్‌లో కొంటే ఆ ఖర్చు ఉండదని కూడా ఆయనకు తెలియాలి. ఇంటి మనిషితో ఇదంతా మాట్లాడటం మొహమాటమే. కానీ రేపు భవానీ నగర్‌లోనో బాలాజీ కాలనీలోనో పరాయి ఇంట్లో కూర్చుని 'గ్యారంటీగా ఏమాత్రం వస్తాది?' అన్న ప్రశ్నకు 'గ్యారంటీ లేదండీ' అని నోరు తెరిచి చెప్పాల్సింది మీరే. ఆ మాట మామగారి దగ్గర అలవాటు చేసుకోండి.

ఇంకో సంగతి మరవొద్దు. ఏఆర్‌ఎన్, అంటే ఫండ్లు అమ్మడానికి ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు, వచ్చాక మీరు డిస్ట్రిబ్యూటర్ అవుతారు, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ కారు. దానికి వేరే పరీక్షలు, సెబీ దగ్గర వేరే రిజిస్ట్రేషన్ ఉన్నాయి. విజిటింగ్ కార్డు మీద సలహాదారు అని వేయించుకోకండి.

మోసం గురించి ఆ అధ్యాయం పెద్దగా మాట్లాడదు, కానీ మన రాష్ట్రంలో జనం డబ్బు పోగొట్టుకున్నది మార్కెట్లో మాత్రమే కాదు. అగ్రిగోల్డ్‌లో లక్షల మంది డిపాజిట్లు కట్టి ఏళ్ల తరబడి కోర్టుల వైపు చూశారు. అది వడ్డీ రేటు రిస్క్ కాదు, మార్కెట్ రిస్క్ కాదు. మీ దగ్గరికి వచ్చేవాళ్లలో ఆ దెబ్బ తిన్న కుటుంబాలు ఉంటాయి, రిజిస్టర్ కాని చీటీలో మునిగినవాళ్లు ఉంటారు. వాళ్లకు ఎన్‌ఏవీ రోజూ పైకీ కిందికీ కనిపించడం అంటేనే అనుమానం. ఆ కదలిక పైకి కనిపించడం, దాచిపెట్టడం మధ్య తేడా వాళ్లకు విడమరిచి చెప్పగలిగితే మీరు సగం పని చేసినట్టే.

ఇక మూడు వారాల సంగతి. వాయిదా వద్దు. కొత్త పుస్తకాలు కొనకండి. మాక్ టెస్టుల్లో తప్పు పెట్టిన రిస్క్ ప్రశ్నలన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించండి, సరైన ఆప్షన్ రాయొద్దు, ముందు కదిలిందేదో ఒక్క మాటలో రాయండి. రోజూ సాయంత్రం పాప హోంవర్కు అయ్యాక ఏదో ఒక ఫండ్ కంపెనీ నెలవారీ ఫ్యాక్ట్‌షీట్ తెరిచి ఒక్క ఫండ్ పేజీ చదవండి. ఒక రోజు లిక్విడ్ ఫండ్, ఒక రోజు గిల్ట్, ఒక రోజు క్రెడిట్ రిస్క్ ఫండ్, ఒక రోజు స్మాల్‌క్యాప్. డ్యూరేషన్, రేటింగులు, బీటా, స్టాండర్డ్ డీవియేషన్, రిస్కోమీటర్, డెట్ ఫండ్లకు ఆ తొమ్మిది గళ్ల పట్టిక, పుస్తకంలో అక్కడక్కడా చదివినవన్నీ ఆ పేజీలోనే కనిపిస్తాయి. క్రెడిట్ రిస్క్ ఫండ్‌లో కనీసం 65 శాతం ఏఏ, అంతకంటే తక్కువ రేటింగ్ కాగితాలే ఉండాలన్న నియమం పుస్తకంలో చదివితే మరిచిపోతారు. ఆ ఫండ్ పేజీలో కంపెనీల పేర్ల పక్కన ఆ రేటింగులు వరసగా చూస్తే మరిచిపోరు.

పరీక్షలో 100 ప్రశ్నలు, 2 గంటలు, 50 వస్తే పాస్. తప్పు జవాబుకు మార్కులు కోయరు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకండి. లెక్కలున్న ప్రశ్నలు చివరికి పెట్టుకోండి. గంటన్నర దాటాక కూడా రెండు రిస్కుల మధ్య ఊగుతుంటే, ప్రశ్నలో మొదటి క్రియ ఎక్కడుందో చూసి దానికే ఓటేసి ముందుకు పొండి.